అంచు వదలని అలవాటు

తెనాలిలో గంటకు రూపాయి అద్దె సైకిలు మీద, బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నవాణ్ణి. "అంచున పోరా, అంచున!" అంటూ నాన్న వెనకాలే పరిగెత్తేవాడు. ముప్పై ఏళ్ల తర్వాత లండన్‌లో ఆఫీసుకు సైకిలెక్కినా ఆ కేకే చెవిలో ఉంది. ఇక్కడా ఎడమ పక్కే కదా, కొత్తగా నేర్చుకునేదేముంది అనుకున్నాను.

నెల తిరక్కుండానే, ఆగి ఉన్న కారు డోరు నా ముందు తెరుచుకుంది. మోచెయ్యి దోక్కుపోయింది. కౌన్సిల్‌వాళ్లు ఉచితంగా సైకిలు పాఠాలు చెప్పిస్తారని అప్పుడే తెలిసింది. నలభై దాటాక సైకిలు ట్యూషన్! ఇంట్లో చెప్పడానికి సిగ్గేసింది.

నేర్పడానికొచ్చినావిడ ముందు నా బ్రేకులు నొక్కి, టైర్లు వత్తి చూసింది. ఆ తర్వాత రెండు గంటలూ ఒకటే పాట: "ఇంకా మధ్యకు రా." ఆగి ఉన్న కార్లకు డోరంత ఎడం, అంటే కనీసం మీటరు. రోడ్డు ఇరుకైనా, జంక్షన్ దగ్గరపడినా లేన్ నడిమధ్యకే. అంచున నక్కితే వెనక కారువాడికి దూరిపోవచ్చనిపిస్తుందట. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లోనూ 2022లో ఈ నడిమధ్య మాట చేర్చారు. ముప్పై మైళ్ల లోపు వేగంలో సైకిలును దాటేవాళ్లు మీటరున్నర వదలాలనీ రాశారు.

రాశారు సరే. వెనక డబుల్ డెక్కర్ గుర్రుమంటుంటే నడిమధ్యన తొక్కడం మాటలా? పెద్ద బండి వస్తే మట్టిలోకి దిగిపోయే జాతి మనది. మొదటి వారం వీపంతా చెమటే.

వెనక్కి చూడటం ఇంకో తంటా. కుడి భుజం మీదుగా తల తిప్పితే హ్యాండిలూ అటే తిరిగేది. ఖాళీ పార్కింగులో ఆవిడ వెనక నిలబడి వేళ్లు చూపించేది. గీత తప్పకుండా తొక్కుతూ ఎన్ని వేళ్లో చెప్పాలి. చూశాకే చెయ్యి చాపాలి, చెయ్యి చాపాకే పక్కకు జరగాలి.

సిగ్నల్ దగ్గర లారీకి ఎడమ పక్క సందు కనిపిస్తే మాత్రం వెళ్లొద్దంది. మన దగ్గర సందులో దూరడమే పనితనం. ఇక్కడ లారీ ఎడమకు తిరిగితే ఆ సందే మిగలదు. అద్దంలో డ్రైవరు ముఖం నీకు కనబడకపోతే నువ్వూ అతనికి కనబడవు, వెనకే ఆగు అంది.

ఇదంతా నాన్నకు ఫోన్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"బస్సువాడు ఊరుకున్నాడా?"

"ఊరుకున్నాడు నాన్నా. నా వెనకే వచ్చాడు."

"ఏమోరా... బెల్లన్నా గట్టిగా కొట్టు."