టేపులు పారేయకండి

నిన్న రాత్రి కరీంనగర్‌లో మా ఇంటి అటక మీది పాత అట్టపెట్టె దించాను. అందులో ఉన్నవి బాపు దీపావళికి ఆదిలాబాద్ గోండు గూడేలకు వెళ్లి తీసిన దండారి ఆట వీడియోలు. ఒక ఏడాదివి మినీ డీవీ టేపుల్లో, మరుసటి ఏడాదివి చిన్న డీవీడీ డిస్కుల్లో ఉన్నాయి.

రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. తేడా గుస్సాడీ వేషం కట్టిన ఆటగాడి తల మీది నెమలి ఈకల టోపీ దగ్గర తెలిసిపోయింది. టేపులో ఒక్కో ఈక విడిగా ఊగుతోంది. డిస్కులో ఆయన గిర్రున తిరగ్గానే ఈకలన్నీ కలిసిపోయి గళ్లుగళ్లుగా అయిపోయాయి.

డీవీ ప్రతి ఫ్రేమునూ విడిగా కుదిస్తుంది. సెకనుకు 25 మెగాబిట్లు, గంటకు సుమారు 13 జీబీ. ఫ్రేములు విడివిడిగా ఉంటాయి కాబట్టే ఎడిటింగ్‌లో ఏ ఫ్రేము దగ్గరైనా తేలిగ్గా కోయొచ్చు. డిస్కులోని ఎంపెగ్-2 చాలావరకు ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య మారిన భాగాన్నే దాస్తుంది. 2006లో సోనీ, పానసోనిక్ కలిసి తెచ్చిన ఏవీసీహెచ్‌డీ ఫార్మాట్‌దీ అదే దారి. బొమ్మ హెచ్‌డీలో ఎంతో బాగుంటుంది కానీ, ఎడిటింగ్‌కు కూర్చుంటే పాత కంప్యూటర్ మొరాయిస్తుంది.

ఇప్పుడు ఆటపాటలు తీసేవాళ్లు కెమెరాలో ఉన్న అత్యధిక బిట్‌రేట్ పెట్టుకోండి. ఇంట్లో డీవీ టేపులుంటే ఫైర్‌వైర్ కేబుల్ ద్వారా కంప్యూటర్‌లోకి అసలు డీవీ ఫైలుగానే ఎక్కించుకోండి. చూడడానికి ఎంపీ4 చేసుకున్నా అసలు ఫైలు చెరిపేయకండి. టేపుకు బూజు పట్టకముందే ఈ పని చేయండి. ఆనాటి పెద్దల ఆటను మళ్లీ తీయలేం.