నలభై రెండులో ఒకటి

1977 ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 ఆ పార్టీకే కట్టబెట్టింది. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. జనతా పార్టీ తరఫున అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి ముందు స్పీకరయ్యారు. నాలుగు నెలలు తిరిగేసరికి ఏకగ్రీవంగా రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు. తక్కిన 41 మందిలో ఎవరికీ దక్కని యోగం!

ఏడేళ్లకు గాలి తిరగబడింది. 1984లో దేశమంతా కాంగ్రెస్ ప్రభంజనం వీస్తుంటే, ఇక్కడ తెలుగుదేశం 30 స్థానాలు గెలిచి లోక్‌సభలో ప్రతిపక్షాల్లోకెల్లా పెద్ద పార్టీ అయి కూర్చుంది. హన్మకొండలో పి.వి.నరసింహారావు అంతటివారు బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. దేశం మొత్తమ్మీద బీజేపీకి వచ్చినవి రెండే సీట్లు, అందులో ఇదొకటి. మహారాష్ట్రలోని రాంటెక్‌లోనూ నిలబడ్డారు కాబట్టి పీవీ సభలో అడుగుపెట్టగలిగారు.

1991లో ఎంపీ కాకుండానే ప్రధాని అయిన ఆయనకు చోటిచ్చింది మళ్లీ నంద్యాలే. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అక్కడ అభ్యర్థినే పెట్టలేదు. ఈ రోజుల్లో జరిగే పనేనా? ఉపఎన్నికలో పీవీ మెజారిటీ 5 లక్షలు దాటింది.

2014లో రాష్ట్రం రెండైంది. 42 కాస్తా 25, 17 అయ్యాయి. నంద్యాల ఆంధ్రప్రదేశ్ వాటాకు వచ్చింది. హన్మకొండ పేరు అంతకుముందే, 2008 పునర్విభజనలో, లోక్‌సభ నియోజకవర్గాల జాబితాలోంచి చెరిగిపోయింది.