టుండిఖేల్ మైదానంలో మా బస

అప్పట్లో కాఠ్మాండూలో వారపు సెలవు శనివారం. ఆదివారం బడులు, ఆఫీసులు మామూలుగా నడిచేవి. 2015 ఏప్రిల్ 25 శనివారం కావడం వల్లే భూకంపం వచ్చిన ఆ మధ్యాహ్నం పిల్లలు బడుల్లో లేరు. కూలిన తరగతి గదులు వేలల్లో ఉన్నాయి. మైదానంలో నాతో మాట్లాడిన తల్లులందరూ ముందు ఆ మాటే అన్నారు.

మాది రాజమండ్రి నుంచి బయల్దేరిన యాత్రా బస్సు. కాశీ, గయ చూసుకుని, రక్సౌల్ దగ్గర సరిహద్దు దాటి వెళ్లాం. గోదావరి జిల్లాల యాత్రా బస్సులు ఎరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. డిక్కీలో బియ్యం బస్తాలు, రవ్వ, పప్పులు, ఆవకాయ డబ్బా, గ్యాస్ బండ, పెద్ద పొయ్యి, వెంట ఒక వంటాయన. ఊరు మారినా మనకి తిండి మారకూడదు కదా!

పొద్దున్నే పశుపతినాథుడి దర్శనమైంది. భోజనానికి బసకి తిరిగి వస్తూ రత్నపార్క్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగాం. వాళ్ల గడియారం ప్రకారం 11:56. బస్సుని ఎవరో చాటలో వేసి చెరుగుతున్నట్టయింది. టైరు పేలిందనుకున్నాను. "దిగండి, దిగండి" అని డ్రైవర్ కేకపెట్టాడు. దిగితే కింద నేల నిలబడనివ్వదు. కరెంటు తీగలు ఊగుతున్నాయి, ఎక్కడో ఇటుకలు రాలుతున్న చప్పుడు, నెత్తిన కాకుల గోల. కాలేజీ కుర్రాడొకడు నా మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి మైదానంలోకి లాక్కుపోయాడు. దణ్ణం పెడదామని తిరిగేసరికి ఇంకెవరి కోసమో పరిగెడుతున్నాడు.

దక్షిణం వైపు తెల్లటి దుమ్ము లేచింది. ధరహరా! 1934 భూకంపంలో కూలి మళ్లీ లేచిన తొమ్మిదంతస్తుల బురుజు. సెలవు రోజు కాబట్టి లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. సాయంత్రం మేమూ ఎక్కాలనుకున్నాం.

ఆ మైదానం పేరు టుండిఖేల్. ఊరి నడిబొడ్డున సైన్యం కవాతు చేసే పొడవాటి పచ్చిక బయలు. సాయంత్రానికి అక్కడ కాలు పెట్టే చోటు లేదు. మా పక్కన చేరింది ఒక ముసలావిడ, కోడలు, చంకలో పసివాడు. మావాళ్లు ఆవిణ్ణి 'మామ్మగారూ' అని పిలవడం మొదలెట్టారు. ఆవిడకీ ఆ పిలుపు నచ్చినట్టే ఉంది, పలికేది. "90 సాల్‌లోనూ అందరూ ఇక్కడికే వచ్చారట, మా అమ్మ చెప్పేది" అంది, కోడలు హిందీలో చెబుతుంటే. వాళ్ల విక్రమ సంవత్సరం 1990, మన లెక్కలో 1934.

రాత్రికి వాన. ఎవరో ఒక పెద్ద ఫ్లెక్సీ పీక్కొచ్చారు. దాని కింద మేమూ, మామ్మగారి కుటుంబమూ, బిహార్ నుంచి వచ్చిన ఇద్దరు కూలీలూ. కర్రలు లేవు కాబట్టి అంచులు చేత్తో ఎత్తి పట్టుకుని, వంతులేసుకుని కూర్చున్నాం. పరిచయాలు ఆ వంతుల్లోనే అయ్యాయి. యాత్ర పొడుగునా మడి తడి అంటూ మా ప్రాణాలు తోడేసిన పెద్దావిడ ఆ పసివాణ్ణి ఒళ్లో వేసుకుని తెల్లార్లూ జోకొట్టింది. (రక్సౌల్ దాటగానే మడి మళ్లీ మొదలెట్టింది. అదీ చెప్పాలి.) మైదానం అంచున నీళ్ల సీసా మూడు రెట్ల ధరకి అమ్మినవాడూ ఉన్నాడు. అందరూ దేవుళ్లైపోలేదు.

ఫోన్ల సంగతి వేరే. లైను దొరకడమే గగనం. కోడలి భర్త ఖతర్‌లో పని చేస్తున్నాడు. పొద్దుట్నుంచీ కలవలేదు. అయినా తన ఫోన్ నా చేతిలో పెట్టి, "పహలే ఆప్ కర్ లో, దిదీ" అంది. హైదరాబాద్‌లో మా అబ్బాయికి కలిసింది. "బతికే ఉన్నాంరా" అనేలోపు తెగిపోయింది. ఖతర్ లైను అర్ధరాత్రి దాటాక కలిసింది. ఆ పిల్ల ఏడుస్తూ మాట్లాడుతుంటే, ముక్క అర్థం కాని మా బస్సు జనమంతా చెవులొగ్గి వింటూ కూర్చున్నాం.

మర్నాడు వంటాయన డిక్కీ తెరిపించి పొయ్యి దింపాడు. "మనకే చాలకపోతే?" అన్నాడు మేనేజర్. "ముందు కళ్లెదురుగా ఉన్నవాళ్లకి పెట్టనివ్వండి సార్. రేపటి సంగతి రేపు చూద్దాం" అన్నాడాయన. కిచిడీ ఉడికింది. మామ్మగారు మూటలోంచి అటుకులు తీసి మా విస్తళ్లలో పోసింది. ఆవకాయ నాకి చూసి దగ్గి, మళ్లీ చెయ్యి చాపింది.

తింటుండగానే, ఒంటిగంట కావస్తుండగా, మళ్లీ వచ్చింది. ఈసారి 6.7. మైదానమంతా ఒక్కసారి అరిచింది. మావాళ్లు "గోవిందా" అంటుంటే వాళ్లు "నారాయణ, నారాయణ" అన్నారు. ఆగాక చూసుకుంటే నా చెయ్యి బిహార్ కూలీ చేతిలో ఉంది. ఇద్దరం సిగ్గుపడి వదిలేసుకున్నాం.

మాకు బస్సు ఉంది, దారి ఉంది, చివర్న ఇల్లుంది. బస్సు లేని మనవాళ్లు విమానాశ్రయంలో వరసల్లో నిలబడ్డారు, వాళ్లకి వాయుసేన విమానాలున్నాయి. మామ్మగారి ఇల్లు మాత్రం అసన్ సందుల్లో గోడ చీలి నిలబడింది. భయం వరకే మేం పంచుకున్నాం, ఆ తర్వాతదంతా వాళ్లే మోశారు. మైదానంలో ఏర్పడిన ఆ అనుబంధం గురించి ఎవరైనా గొప్పగా మాట్లాడితే నాకు ఇది చెప్పాలనిపిస్తుంది. వచ్చేటప్పుడు వంటాయన పొయ్యి, బండ, మిగిలిన బియ్యం కోడలికి అప్పగించాడు. దారిలో మేం బిస్కెట్లు తిన్నాం.

మే 12న మళ్లీ 7.3 తీవ్రతతో కంపించిందని టీవీలో చూసి ఆ కోడలి నంబర్‌కి ఫోన్ చేశాను. మళ్లీ టుండిఖేల్‌కే చేరామంది. పొయ్యి కూడా తెచ్చుకున్నారట. మొత్తం మీద దాదాపు 9 వేల మంది పోయారు. ధరహరాను కొత్తగా కట్టి 2021లో ప్రారంభోత్సవం చేశారు.

పశుపతినాథుణ్ణి చూడ్డానికి వెళ్లేవాళ్లు ఆ మైదానం కూడా ఓసారి చూసి రండి. చుట్టూ కట్టడాలు పెరిగి ఇప్పటికే చాలా కుంచించుకుపోయింది. కాఠ్మాండూ అనే కాదు, ఏ ఊళ్లో దిగినా దగ్గర్లో ఖాళీ జాగా ఎక్కడుందో హోటల్ వాళ్లని ముందే అడిగి పెట్టుకోండి.