కొలిచి పోసుకొను ప్రాణము

ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె ప్రక్కన నిలిచియున్న ఆ చిన్న ఇన్సులిన్ సీసాను చూచినప్పుడెల్ల, ఇంతకాలము నా దేహము నాకు తెలియనీయకయే ప్రతి ముద్దకును సరితూచి స్రవింపజేసిన రసమును నేడు నేనే కొలిచి యెక్కించుకొనవలసివచ్చెను గదా యని మనస్సు ఒక క్షణమాగిపోవును. టైప్ 1 మధుమేహము బాలురకే వచ్చునని లోకము తలంచును. నలువది దాటినవారికిని అది వచ్చును. కాపాడవలసిన రక్షణశక్తియే క్లోమమందలి బీటాకణములను పరులుగా నెంచి నశింపజేయును. ఇందు తీపి తిన్న దోషమేమియు లేదు. ఈ మాట బంధువులకు ఎన్నిసార్లు చెప్పినను చాలదు.

1922 జనవరిలో టొరంటో నగరమున, మృత్యుముఖమందున్న పదునాలుగేండ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు ఇన్సులిన్ తొలిసారి ఎక్కించిరి. అంతకుమున్ను ఈ వ్యాధికి ఉపవాసమే చికిత్స. ఆకటితో కృశించుచు మరికొన్ని నెలలు బ్రతుకుటయే భాగ్యము. ఆ బాలుడు మరి పదమూడేండ్లు జీవించెను. ఇన్సులిన్‌ను సాధించినవారు దాని పేటెంటు హక్కును ఒక్కొక్క డాలరునకే టొరంటో విశ్వవిద్యాలయమునకు ధారపోసిరి. వారి ఔదార్యమును తలంచినపుడు సూది నొప్పి నాకు స్వల్పముగా తోచును.

అమ్మ వడ్డించిన అన్నమును ఏనాడును లెక్కింపక తింటిని. ఇపుడు విస్తరి ముందు కూర్చుండి, అన్నమును కంటితో తూచి, ఇన్సులిన్ యూనిట్లు నిర్ణయించుచున్నాను. ఈ లెక్క నాకు బంధనమో, ప్రాణముతో కలిగిన తొలి పరిచయమో ఇంకను తేల్చుకొనలేకున్నాను.