బావగారి తాటిపత్రి

పాతసామాను అమ్ముకోలేని మనిషి ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. మా కుటుంబంలో ఆ స్థానం మా బావగారిది. ఆయన సైన్యంలో లారీ డ్రైవరుగా ఇరవై రెండేళ్ళు కొలువుచేసి, హవల్దారుగా రిటైరై, కమాన్‌పూర్‌లో నాలుగెకరాలు సాగుచేసుకుంటున్నారు. కొలువు చాలించుకున్న సిపాయి ఇంటికి పింఛనూ, ట్రంకుపెట్టే తెచ్చుకోవడం లోకం ఎరిగిన సంగతే. మా బావ మాత్రం కొన్నాళ్ళకు వేలంపాటలో ఒక మిలిటరీ లారీని కూడా ఇంటికి తెచ్చుకున్నారు.

దాని పేరు శక్తిమాన్. కృష్ణ మీనన్‌గారు రక్షణమంత్రిగా ఉన్న రోజుల్లో, 1950ల చివర, జర్మనీలోని మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో తయారుచేయడం మొదలుపెట్టిన బండి అది. 1990ల దాకా మన సైన్యానికి మోతబరువంతా దానిదే. తరవాత స్టాలియన్ బండ్లు వచ్చాయి. శక్తిమాన్లు ఒక్కొక్కటే వేలంపాటకు దిగాయి. మా బావ తెచ్చిన బండికి ఇప్పుడు కాగితాల ప్రకారం ఆయుష్షు తీరిపోయింది. అందుచేత ఆయన దాన్ని రోడ్డెక్కించరు. కళ్ళం దగ్గర వేపచెట్టు పక్కన అది నిలబడి ఉంటుంది. వారానికొకసారి ఇంజను మోగించి, మళ్ళీ ఆపేస్తారు.

మా అక్కకు ఆ మోత గిట్టేది కాదు. నేను సెలవలకు వెళ్ళినప్పుడల్లా ఒకటే మాట: “నువ్వన్న చెప్పరాదు తమ్మీ మీ బావకు. పాతినుపసామానోడు ఇంటిముందరికే వచ్చి అడుగుతున్నడు. ఇచ్చేస్తే జాగన్న మిగుల్తది గద!”

నేను చెప్పేవాణ్ణి కాను. ఒక కారణం, బావకు చెప్పి గెలిచినవారు లేరు. రెండో కారణం, 2023 వేసవిలో నేను వెళ్ళేసరికి ఆయన లారీ మీది గుడ్డకప్పు విప్పి కళ్ళంలో పరిచి, నాకు కూడా పని సిద్ధం చేసి ఉంచారు.

ఆ గుడ్డను మావైపు తాటిపత్రి అంటారు. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి గనక, దారం ఎక్కించేలోపల ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పబోయాను. ఇంగ్లీషు టార్పాలిన్‌లో మొదటి ముక్క మన రోడ్లమీది తారే. ఓడలవాళ్ళు ముతకగుడ్డకు తారు పూసి సరుకు మీద కప్పేవారు. అది హిందీలో తిర్పాల్, మరాఠీలో తాడపత్రీ, మా దగ్గర తాటిపత్రి. తాటాకుతో దానికి చుట్టరికం లేకపోయినా, చెవికి తాటాకుపందిరంత చల్లగా ఉంటుంది. బావ అంతా విని, “మంచిగున్నది బామ్మర్దీ. ఇగ కిందికి దూరు” అన్నారు.

ఎందుకంటే ఈ కుట్టు ఒక్క మనిషివల్ల అయ్యేది కాదు. పైనుంచి ఒకరు దబ్బనం దించాలి. కిందినుంచి ఇంకొకరు దాన్ని అందుకుని వెనక్కి పంపాలి. నేను కిందివాణ్ణి. గుడ్డకింద పట్టపగలు పడుకుంటే చిల్లులన్నీ నక్షత్రాల్లా కనిపిస్తాయి. వాటి చుట్టూ సుద్దముక్కతో సున్నాలు చుట్టడం నా మొదటి ఉద్యోగం. విద్యార్థుల పేపర్లమీద సున్నాలు వేసిన చేతికి అది కొత్తేమీ కాదు. లెక్కిస్తే ముప్ఫయ్యారు వచ్చాయి.

“పట్టణంలో ప్లాస్టిక్ పరదా దొరుకుతుంది గదా బావా?” అని అడిగాను.

దొరుకుతుందట. కాని ప్లాస్టిక్ కింద వడ్లు చెమట పోస్తాయట. వడ్లలోని తేమ ఆవిరై పైకి పోయి, దారిలేక, మళ్ళీ వడ్లమీదే పడుతుంది. నూలు కాన్వాసుకు ఊపిరి ఉంది. ఎండలో గాలి ఆడుతుంది; వాన తగలగానే నూలుపోగులు ఉబ్బి, నేతలోని సందులు వాటంతట అవే మూసుకుంటాయి. బట్ట తానే తలుపు వేసుకుంటుందన్నమాట. అయితే పాతబట్ట కదా, ఆ తలుపుకు కొంత సాయం కావాలి.

ఆ సాయం వారం రోజులు పట్టింది. మొదట మట్టి దులిపి, ఉత్తనీళ్ళతో కడిగాం. సబ్బు తగలనీయలేదు, సబ్బు పెడితే గుడ్డకు పట్టిన పాత మైనం పోతుంది. మాసికలకు కొత్తగుడ్డ వద్దన్నారు. కొత్తది తడిస్తే కుదించుకుపోయి పాతదాన్ని లాగి చింపుతుంది. అందుకని వెనకవైపు వేలాడే రెక్క కోసి, దాని ముక్కలే అతుకులు వేశాం. అతుకు మూలలు గుండ్రంగా కోయాలి. కోసుగా ఉంటే గాలికి లేస్తాయి. అంచు లోపలికి మడిచి, మైనం పట్టించిన నూలుపురితో రెండు వరసలు కుట్టాలి. ఒక అతుకు మరొకదానిమీదికి వచ్చేచోట, ఇంటికి పెంకు నేసినట్టు, పైది కిందిదాన్ని కప్పాలి. ఊడిపోయిన ఇత్తడి కళ్ళ చోట చెప్పులు కుట్టే పెద్దాయన తోలుబిళ్ళ పెట్టి, ఆరెతో పొడిచి, కొత్తవి బిగించాడు.

గుడ్డను మోసే ఇనుప వంపులను లారీవాళ్ళు కమాన్లంటారు. కమాన్‌పూర్‌లో కమాన్లకు తుప్పు గీకుతున్నానన్న సంగతి నాకు చాలా సరదాగా తోచింది. ఊరిపేరుకూ వీటికీ సంబంధం ఉందని నేననను. తుప్పు గీకినచోటల్లా గుడ్డ ఒరుసుకోకుండా పాత సైకిలు ట్యూబు చుట్టాం. చివరికి వేడినీళ్ళ గిన్నెలో మరో గిన్నె పెట్టి మైనం కరిగించి, పొయ్యికి దూరంగా తెచ్చి, టర్పెంటైను కలిపి కుంచెతో పూశాం. రెండురోజుల ఎండకు గుడ్డ దాన్ని తాగేసింది.

“ఇంత సేవ నాకెన్నడన్న చేసిండా మీ బావ?” అంది అక్క. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

ఆ ఏడాది ఏప్రిల్ చివర తెలంగాణమంతటా పడిన అకాలవర్షాలు పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. యాసంగి కోతలు జోరుగా సాగుతున్న సమయమది. మా బావ వడ్లు అప్పుడే కోసి కళ్ళంలో కుప్పపోశారు. ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పక్క కళ్ళంలో ఒక అవ్వ ఉంది. భర్త లేడు; రెండెకరాల కంటే కొంచెం తక్కువ భూమి కౌలుకు చేస్తుంది. కొనుగోలు కేంద్రంలో వడ్లకు తేమ 17 శాతం మించకూడదు. ఆమె ఎనిమిది రోజులు ఎండలో కాళ్ళతో తిరగేసి తిరగేసి ఆ 17కు దించింది. నలభై కిలోల లెక్కన అరవై రెండు బస్తాలు నింపి, కాంటా కోసం ఎదురుచూస్తోంది. క్వింటాలుకు 2,060 రూపాయల మద్దతుధర మీద అవి యాభైవేల పైచిలుకు. కౌలూ, ఎరువుల అప్పూ తీరగా మిగిలేదే ఆమె ఏడాది బతుకు.

సాయంత్రం నాలుగింటికి పడమట బొగ్గుపొడి చల్లినట్టు మబ్బు కమ్మింది. కళ్ళంలో నేలమీద పరిచిన వడ్లకు పైన ఎన్ని పరదాలు కప్పినా, కిందినుంచి పారే నీళ్ళను ఆపలేవు. నేలకు నాలుగడుగుల ఎత్తున, పైన కప్పుతో ఉన్న చోటు ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. అందులో మూడు టన్నులు పడతాయి. బావ కుప్ప వంక ఒకసారి, లారీ వంక ఒకసారి చూసి, గోనెసంచులు తెమ్మన్నారు.

అప్పుడు అక్క గట్టిగా అంది: “ముందుగాల అవ్వ బస్తాలు ఎక్కియ్యుండ్రి.”

బావ ఆగిపోయారు. “మరి మనయి?”

“మనకు నెల తిరిగితే పింఛన్ వస్తది. ఆమెకేమొస్తది?”

ఆ పైన ఎవరూ మాట్లాడలేదు. ఎదుటి ఇళ్ళ కుర్రాళ్ళు నలుగురు వచ్చారు. అరగంటలో అరవై రెండు బస్తాలూ ఎక్కాయి. మోకులు బిగించబోతే బావ వారించారు. నూలుతాడు తడిస్తే బిగుసుకుని ఇత్తడికళ్ళను పీకేస్తుంది. కొంచెం వదులు ఉంచాలట. మా వడ్లకు ఉన్న రెండు పరదాలూ కప్పి, రాళ్ళు పెట్టాం.

వాన రాత్రి తొమ్మిది దాకా విడవలేదు. బావ, నేను, అక్క మనవడు లారీలో బస్తాలమీద కూర్చున్నాం. గుడ్డమీద వాన చప్పుడుకు మాట వినిపించలేదు గాని, లోపల ఒక్క చుక్క లేదు. ఇంతలో మనవడు ముచ్చటపడి కప్పును వేలితో తాకాడు. అక్కడినుంచి టపటపమని కారడం మొదలైంది. తడిసిన కాన్వాసును లోపలినుంచి తాకితే నీళ్ళకు దారి ఇచ్చినట్టే. బావ కోప్పడలేదు. కారేచోట తన వేలు ఆనించి, కప్పు వెంబడే కిందికి అంచుదాకా గీత గీశారు. నీళ్ళు ఆ గీతవెంటే జారి, బస్తాలను తాకకుండా బయటికి పోయాయి. గుడారాల్లో బతికినవాళ్ళ విద్య అది.

కమాన్‌పూర్‌లో వెలసినది ఆదివరాహస్వామి. భూమిని నీళ్ళలోంచి ఎత్తినవాడి ఊళ్ళో, అరవై రెండు బస్తాలను ఎత్తిపెట్టిన ఆ ముసలి బండి ఆ రాత్రి నాకు దేవుడి వాహనంలాగే కనిపించింది.

మా కుప్ప అడుగుభాగం తడిసి మొలకెత్తింది. మళ్ళీ ఎండబోసి తూర్పారబట్టేసరికి ఏడెనిమిది బస్తాలు నష్టం తేలింది. ఆ లెక్క అక్కే రాసింది. ఎవర్నీ ఒక్కమాట అనలేదు. అవ్వ వడ్లు మాత్రం మూడోనాడు కాంటా అయ్యాయి. తేమ చూసే మిషను 17 దగ్గరే నిలబడింది.

డబ్బు చేతికందాక ఆమె లారీ కిరాయి ఇవ్వబోయింది. బావ పుచ్చుకోలేదు. మర్నాడు రెండు పెద్ద నూలుపురి ఉండలు తెచ్చి అరుగుమీద పెట్టి, వద్దనేలోపలే వెళ్ళిపోయింది. అక్క వాటిని తీసుకుపోయి, తన పట్టుచీరలున్న పెట్టెలో దాచింది. ఇప్పుడు వేసవి రాగానే, ఎండ ముదరకముందే, “తాటిపత్రి దించి చూసిండ్రా?” అని బావను అడిగేది ఆమే. పాతినుపసామానతను మా వీధికి వస్తూనే ఉంటాడు. మా గుమ్మం దగ్గర మాత్రం ఆగడం మానేశాడు.