సెవానీ కుర్రాళ్ల రైలు ప్రయాణం

ముందుగా ఓ టైమ్‌టేబుల్ చదివి వినిపిస్తాను, వినండి. 1899 నవంబరు 9, గురువారం: ఆస్టిన్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయంతో ఆట. శుక్రవారం హ్యూస్టన్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌తో. శనివారం న్యూ ఆర్లీన్స్‌లో తులేన్‌తో. ఆదివారం దేవుడి దయ, ఆట లేదు. సోమవారం బేటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూతో. మంగళవారం మెంఫిస్‌లో ఓల్ మిస్‌తో. ఈ అయిదూ ఆడింది ఒకే కాలేజీ జట్టు. అయిదూ గెలిచింది. అవతలివాళ్లకు అన్నిట్లో కలిపి ఒక్క పాయింటు కూడా రానివ్వలేదు.

ఆ జట్టు పేరు సెవానీ. టెనెసీ రాష్ట్రంలో ఓ కొండమీద, అడవి మధ్యన, క్రైస్తవ బిషప్పులు పెట్టిన చిన్న కాలేజీ. ఆట మన మోహన్ బగాన్ వాళ్లు ఆడే ఫుట్‌బాల్ కాదు లెండి. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే అమెరికా ఆట. ఇప్పుడు టీవీలో చూస్తే ఒక్కొక్కరూ బోలెడన్ని కవచాలతో కనిపిస్తారు. అప్పట్లో అవేమీ లేవు. తలకు దెబ్బ తగలకుండా జుట్టు పెంచుకునేవారట, అంతే రక్షణ. బంతిని ముందుకు విసరడం 1906 దాకా నిషేధం, కాబట్టి ఆటంతా గుంపుగా ఒకరిమీద ఒకరు పడటమే. అలా వరసగా మూడు రోజులు పడి, ఒక్కరోజు ఆగి, మళ్లీ రెండు రోజులు పడ్డారు. మధ్యలో రాత్రుళ్లు రైల్లో నిద్ర. మొత్తం రెండున్నర వేల మైళ్లు, అంటే నాలుగు వేల కిలోమీటర్లు.

ఎందుకొచ్చిన తిప్పలు అంటారా? నాకూ అసలు ఆసక్తి అక్కడే. వీళ్ల వీరత్వం గురించి అమెరికాలో చాలామంది చాలా రాశారు. నా కళ్లు మాత్రం జట్టు మేనేజరు మీద పడ్డాయి. పేరు లూక్ లీ, వయసు ఇరవై. అతనూ విద్యార్థే. ఆ ఏడు టెనెసీలోనే ఉన్న పెద్ద జట్టు వాండర్‌బిల్ట్‌తో టికెట్ల వసూళ్ల పంపకం దగ్గర పేచీ వచ్చి, ఏటా జరిగే ఆట కాస్తా ఆగిపోయింది. ఖజానాకు చిల్లు పడింది. పూడ్చాలంటే జనం ఎక్కువొచ్చే పెద్ద ఊళ్లలో ఆడాలి, పోతూ వస్తూ దారిలో ఎన్ని ఆటలు పడితే అన్ని ఆడేయాలి. ఒక్క రైలు ఖర్చుకు అయిదు గేట్ల వసూళ్లు! ఆ టైమ్‌టేబుల్ వెనక ఉన్నది శౌర్యం కాదండీ, పద్దుల పుస్తకం.

లీ ఎంత జాగ్రత్తపరుడంటే, ఊరూరి నీళ్లు పడక కుర్రాళ్లకు జబ్బు చేస్తుందేమోనని సెవానీ ఊటనీళ్లు రెండు పీపాలు రైలెక్కించాడట. కానీ పెళ్లికి తరలిపోతూ మంగళసూత్రం ఇంట్లో మరిచిపోయినట్టు, ఆటగాళ్ల బూట్ల మూట ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయిందని చెబుతారు. తంతి కొట్టి వెనక రైల్లో తెప్పించుకుంటే ఆస్టిన్ ఆట వేళకు అందాయట.

ఆ సీజన్ మొత్తం పన్నెండు ఆటలు, పన్నెండూ గెలుపే. సెవానీ పాయింట్లు 322, ఎదుటివాళ్లవి 10. ఆ పదీ ఒకే ఆటలో, ఆబర్న్ వాళ్లు సాధించినవి. ఆ ఆట 11-10తో సెవానీ చచ్చీ చెడీ గెలిచింది. ఆబర్న్ కోచ్ జాన్ హైస్మన్, అంపైరు అన్యాయం చేశాడని పేపరుకెక్కి గొడవ పెట్టుకున్నాడు. ఇవాళ అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఈయన పేరు మీదే. ఓడిన కోచ్ అంపైరును తిట్టడం ఆటంత పాతదన్నమాట. అక్కణ్నుంచి రెండు రోజులకే అట్లాంటాలో నార్త్ కరొలైనా మీద 5-0. కెప్టెన్ డిడీ సైబెల్స్ తన్నిన ఒకే ఒక్క కిక్కు గెలిపించింది.

అందరూ నవ్వుతూ మిగల్లేదు. జట్టులో బంతి పట్టుకుని గుంపును చీల్చుకుపోయేవాడు ఓర్మండ్ సిమ్కిన్స్. తర్వాతి రోజుల్లో అతనికి రెండు కాళ్లూ తీసేయాల్సి వచ్చింది. కారణం మైదానంలో తిన్న దెబ్బలేనంటారు. వీరగాథ చెప్పేవాళ్లు ఈ మాట దగ్గర కాస్త గబగబా నడిచిపోతుంటారు.

మేనేజరుగారి సంగతి ఇంకా ఉంది. లీ తర్వాత నాష్‌విల్‌లో పత్రిక పెట్టాడు, 1911లో అమెరికా సెనేటరయ్యాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కర్నలుగా వెళ్లి, యుద్ధం ముగిశాక 1919 జనవరిలో ఏం చేశాడో తెలుసా? కొంతమంది సైనికుల్ని కార్లలో ఎక్కించుకుని హాలండ్‌లో తలదాచుకున్న జర్మనీ కైజరును ఎత్తుకొద్దామని బయల్దేరాడు! ఆయన ఉన్న కోటలో అడుగు పెట్టగలిగారు గానీ కైజరు చిక్కలేదు. తెచ్చుకున్నది ఒక యాష్‌ట్రే. సైన్యం మందలించి వదిలేసింది. ముప్పైల్లో బ్యాంకు వ్యవహారంలో జైలుకు కూడా వెళ్లాడు. ఆరు రోజుల్లో అయిదు ఆటలు పెట్టిన బుర్ర మరి ఊరికే కూర్చుంటుందా!

ఇప్పుడు అమెరికాలో ఎక్కడ విన్నా ఒకటే ఘోష, డబ్బొచ్చి కాలేజీ ఆటను పాడుచేసిందని. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. 2025 జూలై నుంచి కాలేజీలే ఏడాదికి రెండు కోట్ల డాలర్ల పైచిలుకు నేరుగా పంచవచ్చు. పాత రోజులే బంగారమని నిట్టూర్చేవాళ్లకు లీ పద్దుల పుస్తకం చూపించాలనిపిస్తుంది నాకు. డబ్బు అప్పుడూ ఉంది. కుర్రాళ్ల చేతికి రాలేదు, అంతే తేడా.

సెవానీ ఏమైందంటారా? 1932లో దక్షిణాది కాలేజీలు ఎస్‌ఈసీ అనే కూటమి కట్టుకుంటే అందులో వ్యవస్థాపక సభ్యురాలిగా చేరింది. 1940 దాకా ఉండి, కూటమిలో ఒక్క ఆటా గెలవకుండా బయటికొచ్చేసింది. ఇవాళ ఆటకు స్కాలర్‌షిప్పులివ్వని మూడో డివిజన్‌లో హాయిగా ఆడుకుంటోంది. తమాషా ఏమిటంటే ఆ వారం దాని చేతిలో ఓడిన అయిదింట్లో నాలుగు, అంటే టెక్సాస్, ఏ అండ్ ఎమ్, ఎల్‌ఎస్‌యూ, ఓల్ మిస్, ఇప్పుడు అదే ఎస్‌ఈసీలో కోట్లకు కోట్లు కుమ్మరిస్తున్నాయి. అయిదోది తులేన్, అదీ ఒకప్పుడు అందులోదే.

డల్లాస్‌లోనో ఆస్టిన్‌లోనో మీకు బంధువులుంటారు, లేకుండా ఉండరు. వాళ్ల పిల్లలెవరైనా ఏ అండ్ ఎమ్‌లో చేరి, ఫోన్లో తమ జట్టు గొప్పలు తెగ చెబుతుంటే 1899లో హ్యూస్టన్ ఆట స్కోరెంతని అడిగి చూడండి. 10-0.