బాలాపూర్ నుంచి విమానాశ్రయం దాకా ఒక ‘రిజిస్టర్’ ప్రయాణం

బాలాపూర్ చౌరస్తాలో బయల్దేరి శంషాబాద్ చేరని మనిషిని వెతికేవాళ్లు అసలు బండెక్కాడా, ఎంతదాకా వచ్చాడు అని ఆరా తీస్తారు. ఆఫీసు ఐపీ ఫోను విషయంలో ఆ పద్ధతి ఎవరికీ గుర్తుండదు. తెరమీద ‘నాట్ రిజిస్టర్డ్’ అని కనబడగానే పాస్‌వర్డ్ మారుస్తారు, అదీ కుదరకపోతే ఫ్యాక్టరీ రీసెట్ కొడతారు. తెరమీది ఆ మాట ప్రయాణం పూర్తికాలేదని చెబుతుందే తప్ప ఎక్కడ ఆగిందో చెప్పదు. బాలాపూర్‌లో ఒక గోదాము ఆఫీసు, విమానాశ్రయం పక్కన దాని హెడ్డాఫీసు, అక్కడ ఫోన్ సర్వరు ఉన్నాయనుకుందాం. తనను నమోదు చేసుకోమని ఫోను పంపే ‘రిజిస్టర్’ సందేశం నిజానికి ఊరంతా చుట్టి వెళ్తుందేమో గానీ, మనం మాత్రం రోడ్డు మీదుగానే దాని వెంట వెళ్దాం.

మొదటి మజిలీ బల్ల మీదే. ఒకే కేబుల్ కరెంటునూ సమాచారాన్నీ మోస్తుంది. ఇలా కేబుల్‌లోనే కరెంటివ్వడానికి 2003లో వచ్చిన ప్రమాణం ప్రకారం స్విచ్ పోర్టు ఇచ్చేది 15.4 వాట్లు, కేబుల్‌లో పోగా ఫోనుకు మిగిలేది 12.95. స్విచ్ మొత్తం మీద పంచగల కరెంటు చాలకపోతే కొత్తగా తగిలించిన ఫోను వెలగనే వెలగదు. తెర వెలిగితే ముందుకు సాగవచ్చు. బాలాపూర్ దాటాక ఆర్‌సీఐ వస్తుంది. అబ్దుల్ కలామ్ 1988లో నెలకొల్పిన ఈ రక్షణ పరిశోధన కేంద్రంలోకి వెళ్లే దారి వేరు, బయటి జనం వెళ్లే దారి వేరు. ఆఫీసు స్విచ్‌లోనూ ఇలాగే వేరువేరు దారులుంటాయి, ఫోన్లకొక వీల్యాన్, కంప్యూటర్లకొక వీల్యాన్. ఫోను పొరపాటున కంప్యూటర్ల దారి పడితే దానికీ ఒక ఐపీ అడ్రస్ దొరుకుతుంది, దాంతో నెట్‌వర్క్ బాగానే ఉందని అందరూ నమ్మేస్తారు. అందుకే అడ్రస్ వచ్చిందా అని కాదు, ఏ అడ్రస్ వచ్చిందని చూడాలి. 169.254తో మొదలైతే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి జవాబే రాలేదన్నమాట.

పహాడీషరీఫ్ దగ్గర శ్రీశైలం రోడ్డు తగులుతుంది. మన కథలో అది ఆఫీసు రూటరు, లోపలి అడ్రస్ బయటి అడ్రస్‌గా మారే చోటు. పాస్‌వర్డ్ మీద అనుమానం తప్పని చెప్పే గట్టి సాక్ష్యం ఇక్కడే దొరుకుతుంది. యూడీపీ మీద పంపిన సందేశానికి జవాబు రాకపోతే ఫోను అర సెకనుకు, ఆపైన ఒకటి, రెండు, నాలుగు సెకన్ల ఎడంతో మళ్లీ మళ్లీ పంపి, 2002 నాటి సిప్ ప్రమాణం చెప్పినట్టు 32 సెకన్లకు ఆశ వదులుకుంటుంది. అవతలినుంచి ఒక్క మాటా రాలేదంటే పాస్‌వర్డ్ తప్పని కూడా ఎవరూ అనలేదు కదా! పింగ్ వెళ్తోందని వాదించేవాళ్లుంటారు. పింగ్‌ను వదిలే ఫైర్‌వాల్ సిప్ సందేశాలు వెళ్లే 5060 పోర్టును వదలాలని లేదు. సాయం చేయబోయి సందేశంలోని అడ్రస్‌లను తిరగరాసే సిప్ ఏఎల్‌జీ రూటర్లో ఆన్‌లో ఉందేమో కూడా చూడాలి. అడగని సాయం అంటే ఇదే.

మామిడిపల్లి దాటి విమానాశ్రయం చేరితే గుమ్మం దగ్గర టికెట్టూ గుర్తింపు కార్డూ అడుగుతారు. సర్వరూ అంతే. మొదటి ‘రిజిస్టర్’కు 401 అని బదులిస్తుంది. లాగ్‌లో అది చూసి గాభరాపడి పాస్‌వర్డ్ మార్చేవాళ్లే ఎక్కువ. అది తిరస్కారం కాదు, కార్డు చూపమనడం. ఫోను రెండోసారి ఆధారాలతో వస్తే 200 పలుకుతుంది. ఆధారాలిచ్చాక కూడా 401 లేదా 403 వస్తూనే ఉంటే అప్పుడు పాస్‌వర్డ్, ఎక్స్‌టెన్షన్ పేరు చూడటం న్యాయం. సందేశాలను గుప్తంగా పంపే టీఎల్ఎస్ వాడే చోట గడియారం కూడా చూడాలి. కరెంటు పోయి వచ్చాక టైమ్ సర్వరు అందక పాత తేదీలో లేచిన ఫోనుకు సర్వరు సర్టిఫికెట్ ఇంకా పుట్టనట్టే కనిపిస్తుంది.

అనుభవజ్ఞులకు ఇంత నడక దండగ, సర్వరు లాగ్ చూస్తే సగం దారి తేలిపోతుంది అంటారు కొందరు. నిజమే. ముప్ఫై ఫోన్లు ఒకేసారి పడిపోతే అక్కడే మొదలుపెట్టాలి. కానీ పక్క ఫోన్లన్నీ మోగుతూ ఒక్కటే మూగబోతే, లాగ్‌లో దాని ఊసే లేకపోతే, మళ్లీ బాలాపూర్ రావలసిందే. రీసెట్‌తో బాగుపడింది కదా అనేది ఇంకో మాట. చాలాసార్లు బాగుపడింది కొత్త అడ్రస్ తీసుకోవడం వల్ల, రూటర్లో కొత్త దారి తెరుచుకోవడం వల్ల. ఆ పని మామూలు రీస్టార్టే చేస్తుంది. ఫ్యాక్టరీ రీసెట్ సెట్టింగులన్నీ తుడిచేస్తుంది, వాటిని సర్వరు నుంచి తెచ్చుకునే ఏర్పాటు లేకపోతే అన్నీ చేత్తో కొట్టుకోవాలి.

దీనికి తలకిందుల కేసూ ఒకటుంది. సర్వరు 3600 సెకన్ల గడువిచ్చింది, రూటరేమో కొద్దిసేపు ఏ మాటా నడవకపోతే తెరిచిన దారి మూసేసింది. ఆ మధ్యకాలమంతా తెరమీద ‘రిజిస్టర్డ్’ అనే ఉంటుంది, హెడ్డాఫీసు నుంచి కాల్ చేస్తే బాలాపూర్‌లో రింగు మాత్రం రాదు.